ఆకుపచ్చ చుక్క

"వేలు ఇలా పెట్టు మేస్త్రీ. ఒక్క ముద్ర. నీ పనీ అయిపోతుంది, నా పనీ అయిపోతుంది," అంటూ మేనేజరు ఇంకు డబ్బా మూత తీశాడు.

మేస్త్రి చెయ్యి కదలలేదు. పరీక్ష బల్ల మీద ఆకుపచ్చ లేజరు పెన్ను ఒకటి విప్పి పడుంది. దాని పక్కన పాడైపోయిన టీవీ రిమోటు, దాని మూతికి ఉండే నల్ల ప్లాస్టిక్ ముక్క ఊడబెరికి ఉంది.

"దేనికి ముద్ర? చెల్లెమ్మా, ఆ కాగితం ఒకసారి చదివిపెట్టు."

ప్యాకింగ్ చేసే ఆమె టేపు చుట్ట కింద పెట్టి వచ్చింది. "'ఎనిమిది వందల పెన్నులు పరీక్షించడమైనది. పిల్లల వాడకానికి తగినవి.' కింద నీ పేరుందన్నయ్యా."

"తగినవట. ఎవరు తేల్చారు?"

"నువ్వే," అన్నాడు మేనేజరు. "నువ్వు తేల్చినట్టే రాశాం. సాయంత్రానికి సరుకు స్కూళ్ళకు చేరాలి. క్విజ్‌లో గెలిచిన ప్రతి పిల్లాడికీ ఒకటి. పరీక్ష మేస్త్రి ముద్ర లేకపోతే వాళ్ళు పెట్టె దించుకోరు. లేకపోతే నిన్ను బతిమాలే ఖర్మ నాకేంటి?"

మేస్త్రి పెన్నును మళ్ళీ బిగించాడు. ఇరవై రెండేళ్ళుగా రేడియోలూ టేపురికార్డర్లూ విప్పి బిగించిన వేళ్ళవి. మరలు వాటంతటవే వెళ్ళి కూర్చున్నాయి.

"అయితే పరీక్ష చూసి వెళ్ళండి సారూ. కిటికీ తెర లాగండి."

గది చీకటయింది. తెర లాగి వస్తూ మేనేజరు తూలాడు. "అక్కడ స్టూలుంది, జరగండి," అన్నాడు మేస్త్రి.

అతను సొంతంగా చేసుకున్న పరికరం ఒకటుంది. వెలుగు పడితే మోగే చిన్న బజరు. వెలుగు పెరిగేకొద్దీ కూత కీచుగా మారుతుంది. మేనేజరుకి అదంటే మహా చిరాకు.

"లక్షణంగా మీటరు ఉండగా ఈ పీపీ ఏంటయ్యా?"

"అంకెలకీ నాకూ పడదు. చెవి మాత్రం ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారీ మోసం చెయ్యలేదు. వినండి. ఇది పోల్చి చూడ్డానికి నేను తెచ్చుకున్న సరైన కంపెనీ పెన్ను."

బజరు మెల్లగా గురక పెట్టింది. నల్ల ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టగానే నోరు మూసుకుంది.

"ఇది మీ చవక పెన్ను."

కూత చెవులు చిల్లులు పడేలా లేచింది. మేస్త్రి మళ్ళీ నల్ల ముక్క అడ్డం పెట్టాడు.

"గోడ మీద ఏముంది చెల్లెమ్మా?"

"ఏమీ లేదన్నయ్యా. చుక్క పోయింది."

చుక్క పోయింది గానీ కూత పోలేదు. పంటి కింద రాయిలా అలాగే ఉంది.

"ఆకుపచ్చ ఆగింది. ఇది ఆగలేదు," అన్నాడు మేస్త్రి. "ఈ రిమోటు ముక్క కంటికి కనిపించే వెలుగుని ఆపేస్తుంది, కనిపించని వెలుగుని వదిలేస్తుంది. లోపల ఆకుపచ్చని పుట్టించే వెలుగు వేరే ఉంటుంది. అది బయటికి రాకుండా మూతి దగ్గర చిన్న అద్దం పెట్టాలి. మీ చవక మహానుభావులు ఆ అద్దం మింగేశారు. ఆ వెలుగు మీకూ కనిపించదు, నాకూ కనిపించదు. రెప్ప వెయ్యాలని కూడా కంటికి తోచదు. లోపల కాల్చేసి పోతుంది."

మేనేజరు విసురుగా తెర తీశాడు. "ఆరో తరగతితో బడి మానేసినవాడివి, నాకు పాఠం చెప్తావా?"

"బడి మానేశాను. బుద్ధి మానెయ్యలేదు. ఒకటి చెప్పండి సారూ. పై అంతస్తులో నలుగురు ఇంజనీర్లున్నారు. రేడియోలు చూసుకునేవాణ్ణి, ఈ పెన్నుల పని నాకే ఎందుకిచ్చారు?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ప్యాకింగ్ ఆమె తల దించుకుంది.

"నాకు నిన్ననే అర్థమైంది లెండి," అన్నాడు మేస్త్రి. "మారు మాట్లాడకుండా వేలు పెట్టేవాడు కావాల్సొచ్చాడు. ఆ వేలు నాదే అనుకున్నారు. చెల్లెమ్మా, ఆ కాగితం వెనక్కి తిప్పి నేను చెప్పింది రాయి. 'పరీక్షించాను. ఒక్కటి కూడా పిల్లల చేతికి ఇవ్వకూడదు.' రాశావా? పైకి చదువు."

ఆమె చదివింది. ఒక్క మాటా వదల్లేదు.

"ఇంకు డబ్బా ఇలా ఇవ్వండి సారూ. మీరే కదా వేలు పెట్టమన్నారు."

మేనేజరు ఇవ్వలేదు. ప్యాకింగ్ ఆమే అందుకుంది. కాగితం జరిపి అతని వేలి కిందికి తెచ్చింది. మేస్త్రి గట్టిగా అదిమాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"ఈ సరుకు ఉన్న గదికి రమ్మన్నా రాను. రేడియోలకి ఊళ్ళో కరువా?"

టేపు బర్రుమని చిరిగింది. ఆ కాగితం వెళ్ళి పై పెట్టె మీద అడ్డంగా అంటుకుంది.

"నీకు కూడా ఉద్యోగం బరువైందా?" మేనేజరు ఆమె మీదికి తిరిగాడు.

"మా చిన్నోడు క్విజ్‌లో రెండోవాడు సారూ," అంది ఆమె, ఇంకో టేపు ముక్క లాగుతూ. "వాడికీ ఒకటి రాసిపెట్టారు ఇందులో."

మేస్త్రి బజరునీ, నల్ల ముక్కనీ సంచిలో వేసుకుని తలుపు దాకా నడిచాడు. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా ఆగలేదు.

"కింది దాకా రానా అన్నయ్యా?"

"ఎందుకమ్మా, పంతొమ్మిది మెట్లు. ఒక్కనాడూ లెక్క తప్పలేదు."

సంచిలోంచి మడత తెల్లకర్ర తీసి విప్పి, గుడ్డి మేస్త్రి మొదటి మెట్టు తట్టాడు.