నాలుగో కూపన్

"నాలుగు నూర్లంటే నేను తీసుకోనప్పా. ఎనిమిది నూర్లు తీసుకో," అంది హనుమక్క.

"ఎనిమిదా? నాకొద్దు. మూడున్నర ఇయ్యి, చాలు," అన్నాడు అనిల్ కుమార్.

అనంతపురం పాతూరులో ఇలాంటి బేరం ఎవరూ విని ఉండరు. కొనే మనిషి ధర పెంచుతోంది, అమ్మే మనిషి దించుతున్నాడు. ఇద్దరి మధ్యా చాప మీద వెయ్యి రూపాయల గిఫ్ట్ కూపన్ ఉంది. టవర్ క్లాక్ దగ్గరి ఇంటిసామాన్ల షోరూం వాళ్ళది. నెలకొకటిగా అతని దగ్గరే కొన్న ఇలాంటివి మూడు ఇప్పటికే హనుమక్క ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఈ నాలుగోది కూడా కలిస్తే ఒక కుట్టుమిషను వస్తుంది.

మిషను సోమవారానికల్లా రావాలి. కాన్వెంటు వాళ్ళు నలభై జతల యూనిఫారాలు కుట్టమన్నారు. మిషను లేదని తెలిస్తే ఆ పని పక్కవీధి దర్జీకి పోతుంది. ఈ ఏడూ వానల్లేక బెళుగుప్పలో చేను బీడుపడితే, మొగుడు బెంగళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయాడు. చీరలకు చేత్తో ఫాల్సు కుడుతూ హనుమక్క ఎలాగో ఇల్లు లాక్కొస్తోంది.

అయినా, ప్రతిసారిలాగే, ఆమె చెయ్యి కూపన్ మీదికి పోవడం లేదు.

"వెయ్యి రూపాయలది నాలుగు నూర్లకొస్తే, తక్కిన ఆరు నూర్లు ఎవురో ఒకరు పోగొట్టుకున్నెట్టే గదా? ఎవుర్ని ముంచినావు, నిజం చెప్పు."

అనిల్ కుమార్ నవ్వాడు. అతను నాగేశ్వరయ్య పట్టుచీరల అంగడిలో సేల్స్‌మన్. పోయిన ఏడు దాకా హనుమక్క కూడా అక్కడే ప్యాకింగ్ చేసేది. అతను తేనె పూసినట్టు మాట్లాడి, చీర కొనననే మనిషి చేత రెండు కొనిపించే రకం. ఇప్పుడూ అదే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఎవుర్నీ ముంచల్యాదక్కా. అంగడికొచ్చినోళ్ళ బిల్లు నా క్రెడిట్ కార్డు మీద గీకిస్తా. వాళ్ళు నాకు దుడ్లిస్తారు. నాకు పాయింట్లు పడతాయి. పాయింట్లు పెరిగితే బ్యాంకోళ్ళే కూపన్ పంపుతారు. మా ఇంట్లో మిషను తొక్కేదెవురు? తేదీ దాటితే ఇది ఉత్త చిత్తుకాగితం."

"అట్లయితే నాలుగు నూర్లు మాత్రం ఎందుకు మళ్ళ?"

"ఊరికే ఇస్తే నువ్వు తీసుకుంటావా?"

హనుమక్క తల వంచుకుని, "తక్కువకు ఏదన్నా వస్తే నాకు భయమప్పా. ఆ చీర గుర్తొస్తాది," అంది.

అతని నవ్వు ఆగింది. "ఇప్పుడెందుకక్కా అది?"

ఎందుకంటే ఆమెకు అది గుర్తురాని రోజంటూ లేదు. పోయిన శ్రావణంలో, అంగడి జనంతో కిటకిటలాడిన రోజున, తొమ్మిది వేల ధర్మవరం చీర ఒకటి లెక్కలో తగ్గింది. నాగేశ్వరయ్య కేకలు వేయలేదు. "ఎవరి చేతి మీదుగా పోయిందో గుర్తు చేసుకోండి," అన్నాడంతే. గుర్తు చేసుకోగా చేసుకోగా హనుమక్కకు ఒక డబ్బా బరువుగా ఉన్నట్టు తోచింది. పొరపాటున రెండు చీరలు పెట్టి ఇచ్చేశానని తనే వెళ్ళి ఒప్పుకుంది. కమ్మలు అమ్మింది, కుట్టుమిషను అమ్మింది, డబ్బు కట్టింది. ముఖం చెల్లక పని కూడా మానేసింది.

"కట్టమని ఆయప్ప అడగను కూడా అడగల్యా. అంత మంచోనికి నష్టం చేస్తి," అంది హనుమక్క. "ఆ డబ్బా బరువు ఇప్పుటికీ నా చేతికి తెలుస్తాంటాది అనిలూ. ఒక్కసారి విప్పి చూసుకోని ఉంటే సరిపోయేది. ఇప్పుడు నీకు గూడా నష్టం చేస్తే నాకు అన్నం సయించదు."

అనిల్ కుమార్ చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు.

"నాకేం నష్టం ల్యాదక్కా," అన్నాడు చివరికి. అంగడిలో వినిపించే గొంతు కాదది.

నాలుగు నూర్ల యాభై దగ్గర బేరం తెగింది. కొంగుముడి విప్పి ఆమె ఇచ్చిన నోట్లు చూడకుండానే జేబులో పెట్టుకుని అతను లేచిపోయాడు.

సోమవారం మిషను వచ్చింది. హనుమక్క నలభై జతలూ చెప్పిన రోజుకు కుట్టి ఇచ్చింది. చేతిలో డబ్బు పడినా ఆమెకు మనసు నిమ్మళించలేదు. పాపం, ఆ పిల్లోన్ని దోచుకున్నానేమో అన్న బాధ పీకుతూనే ఉంది. కుట్టుకూలిలోంచి అయిదు నూర్లు తీసి, అతనికివ్వాలని డబ్బాలో దాచింది.

తర్వాతి నెల ఒకటో తారీఖున అనిల్ కుమార్ టవర్ క్లాక్ దగ్గరి షోరూంకు వెళ్ళాడు. అతన్ని చూడగానే కౌంటరులోని అమ్మాయి చాందిని కూపన్ల పుస్తకం తీసింది.

"ఏమన్నా, జీతమొస్తానే నెలనెలా వెయ్యికి వెయ్యి పెట్టి కొంటాండావు. అదే కార్డు మీద కొంటే పాయింట్లన్నా పడతాయి గదా?"

"నాకు కార్డు యాడిది తల్లీ? మూడు వేల జీతానికి ఏ బ్యాంకోడు ఇస్తాడు?"

"మళ్ళ ఇన్ని కూపన్లు ఎవురికన్నా?"

అతను పది నూర్ల నోట్లు లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టాడు.

హనుమక్క డబ్బు కట్టిన మూడో రోజున, అంగడిలో అతను మడిచిపెట్టిన ఇంకో చీర మడతల్లోనే ఆ ధర్మవరం చీర బయటపడినప్పుడు, ఉద్యోగం పోతుందని భయపడి ఎవరికీ చెప్పకుండా దాన్ని బీరువాలో సర్దేసింది అతనే.