ఆమేన్ దాకా

"పోవుడు పోవుడే! ఎవ్వలు ఆపినా ఆగ!"

తీతు అరుపు దిల్‌సుఖ్‌నగర్ గల్లీ చివరిదాకా వినిపించింది. కాంతమ్మ గబుక్కున వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది. అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. ఊరంతా తెలంగాణ రాష్ట్రం కావాలంటోంది. కాంతమ్మ మాత్రం కొడుకు కావాలంటోంది. నిన్నటి ఊరేగింపులో జెండా పట్టిన వెనక గల్లీ పిల్లవాడి కాలులో తూటా దిగింది. ఇవాళ ఆ జెండా తాను పడతానని ఈ పదహారేళ్లవాడు చెప్పులు తొడుగుతున్నాడు.

"తీతూ, జల్ది రా! అందరికన్న ముందుంటా అన్నవు గద!" బయట నుంచి సీతారాములు కేక. వాడి వెనక ఇంకో ముగ్గురు దోస్తులు.

"పోతే పో," అంది కాంతమ్మ. "ప్రార్థన చేసుకొని పో."

కట్టెలకు పోయినా, కిరసనాయిలుకు పోయినా ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ గడప దాటరు. ఆమేన్ అనకముందు కాలు కదిపినవాళ్లు ఇంతవరకూ లేరు.

కొడుకు రెండు చేతులూ పట్టుకుని ఆమె కళ్లు మూసుకుంది. కామాలే తప్ప చుక్క లేని ప్రార్థన మొదలైంది. బయట నినాదాలు, లోపల నివేదనలు. పాస్టరయ్యను, ఆయన సైకిలును, కొత్తపేట వదినెను, ఆమె బర్రెను, బర్రె దూడను దీవించమంది. అది ప్రార్థన కాదు, పహారా.

"అయ్యిందారా?" సీతారాములు.

"ఆమేన్ కాలే! మధ్యల ఎట్ల ఒస్తరా?" తీతు.

వాడి అరచేతులు చెమటతో జారిపోతున్నాయి. కోపం, అనుకుంది కాంతమ్మ.

"నాదర్‌గుల్ చిన్నాయినను మర్చిపోయినవ్," అన్నాడు పళ్లు బిగబట్టి.

ఎగతాళి! అయినా ఆ చిన్నాయనను, ఆయన ఆరుగురు పిల్లలను పేరుపేరునా ప్రభువుకు అప్పజెప్పింది. వీడు జన్మంతా తనతో మాట్లాడకపోయినా సరే, రెండు కాళ్లతో ఉంటే చాలు.

నోరెండిపోయింది. చుట్టాలు అయిపోయారు. బయట చప్పుడు లేదు. విసిగి వెళ్లిపోయారు! గెలిచానన్న ధీమాతో "ఆమేన్" అని గట్టిగా అని, కళ్లు తెరిచింది.

తీతు కళ్ల నిండా నీళ్లు. తల్లి చేతులు వదల్లేదు సరికదా, ఇంకా గట్టిగా పట్టుకుని చెవి దగ్గర గొణిగాడు.

"అప్పుడే ఎందుకన్నవమ్మా? వాళ్లింక పోలే, అరుగు మీదనే కూసున్నరు."