అరగని అంచు

"బల్ల మీద చేతులు పెట్టకండమ్మా, సరుకు పాడవుతుంది."

షావుకారు కసురుకోలేదు గానీ, కసురుకున్నంత పని చేశాడు.

ఆవిడ చెయ్యి తీయలేదు. రెండో చేతిలోని తెల్లకర్రను బల్లకు ఆనించి, స్టూలు ఎక్కడుందో తడుముకుని తాపీగా కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. పుట్టుకతోనే చూపు లేదని, అందుకు ఎవరూ జాలిపడనక్కర్లేదని తనే ముందు చెప్పేసింది.

పాత చిల్లర నాణేలు కొని అమ్మే కొట్టు అది. భూతద్దం కింద పెట్టి ఏ బిళ్ల ఏ ఏటిదో, దేనికెంత పలుకుతుందో తేల్చడంలో షావుకారు చెయ్యి తిరిగినవాడు.

ఆవిడ అడిగింది వంకీ బిళ్ల. అంచు చుట్టూ పూరేకుల్లా వంపులు తిరిగిన చిన్న చిల్లర. అందులోనూ మొదటి ఏడాది వచ్చినదే కావాలంది.

షావుకారు ముఖం వెలిగింది. మొదటి ఏడాది వంపులు లోతుగా కోశారని, ఖర్చెక్కువని మరుసటి ఏటి నుంచి పైపైన కోసి వదిలేశారని, అందుకే లోతు వంపుల బిళ్ల కనిపిస్తే జనం ఎగబడతారని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తన దగ్గర ఒకటుంది. బజారులో తిరగలేదు, గీత పడలేదు. సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

"నేను కొనను. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను."

"మీకెలా చూపించనమ్మా?"

"చేతిలో పెట్టు నాయనా. నేను చూసేది అలాగే."

షావుకారు కంగారుగా పెట్టెను వెనక్కి లాక్కున్నాడు. గ్లౌజులు లేకుండా తనే దాన్ని ముట్టుకోనని, వేలిముద్ర పడితే సగం ధర పోతుందని నచ్చచెప్పాడు. ఆవిడ తలకెక్కించుకోలేదు. సరేనని డబ్బాలోంచి అరిగిపోయిన వంకీ బిళ్ల ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని బొటనవేలితో ఒక చుట్టు తిప్పి, బల్ల మీద పెట్టేసింది.

"ఇలాంటివి నా చేతిలోంచి లెక్కలేనన్ని పోయాయి. అరగనిది కావాలి."

"ఉన్నదాంతో సర్దుకోవాలమ్మా."

"సర్దుకోవడం నా ఒంటికి పడదు."

షావుకారుకు తిక్క రేగింది. కొట్టు కట్టేసే వేళయిందని అబద్ధమాడాడు. ఎదురు కొట్లో ఇంకా బేరాలు వినిపిస్తున్నాయని ఆవిడ నవ్వింది. వెళ్లమంటే కదల్లేదు. చివరికి రెక్క పట్టుకుని లేపబోయాడు.

"చెయ్యి తియ్యి. ఇంతకంటే గట్టిగా ఈడ్చినవాళ్లకే నేను భయపడలేదు."

తనంతట తనే లేచింది. గుమ్మం దగ్గర ఆగి ఇటు తిరిగింది.

"డబ్బు పుట్టిందే చేతులు మారడానికి. నువ్వు వెల కడుతున్నది బిళ్లకా నాయనా, దాన్ని ఎవరూ ముట్టుకోనందుకా?"

కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగింది.

మెట్ల కింద ఆ పెద్దాయన ఎదురయ్యాడు. నాణేలు అచ్చువేసే టంకశాలలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆవిడను చూస్తూనే చటుక్కున పక్కకు తప్పుకుని, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడిపోయాడు.

లోపలికి రాగానే షావుకారు తన గోడు వెళ్లబోసుకున్నాడు. బిళ్ల ముట్టుకుంటానని మొండికేసిందని, ఇలాంటివాళ్లతో వేగలేక చస్తున్నానని.

పెద్దాయన కూర్చోలేదు.

"ముట్టుకోనివ్వలేదా?"

"మీకిస్తానన్న సరుకు కదా అని..."

"ముందు ఆ పెట్టె పట్టుకుని పరుగెత్తు. ఆవిడ చేతిలో పెట్టి రా."

ఎందుకో తెలియకపోయినా ఆ గొంతు విని షావుకారు పరుగెత్తాడు. మలుపు తిరిగేసరికి బస్సు కదిలింది. చేతులూపాడు, కేకలేశాడు. కిటికీలో తెల్లకర్ర కనిపించింది, అంతే. ఆవిడ పేరు అడగలేదు, ఉండేదెక్కడో అడగలేదు.

వగరుస్తూ తిరిగొచ్చి, ఎవరండీ ఆవిడ అన్నాడు.

పెద్దాయన అప్పుడు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు చిల్లరంతా ఒకే తీరుగా, గుండ్రంగా, నున్నగా ఉండేదట. ఏది ఎంతదో వేళ్లకు తెలిసేది కాదు. చూపులేనివాళ్లంటే కొట్టువాడికీ లోకువే, కండక్టరుకీ లోకువే. తడిమితే తెలిసే అంచు కావాలని ఒక పడుచుపిల్ల టంకశాల గేటు ముందు బైఠాయించింది. ఈడ్చి పారేస్తే మళ్లీ వచ్చి కూర్చుంది. తోడెవరూ రాలేదు. చివరికి పట్టుకెళ్లి రెండు మూడేళ్లు జైల్లో పెట్టారు.

"ఆ పిల్ల పంతానికే మావాళ్లు ఈ వంపులు కోశారయ్యా," అన్నాడు పెద్దాయన. "ఆ మొదటి ఏడాది బిళ్ల విడుదలైంది గానీ, అప్పటికి ఆవిడే విడుదల కాలేదు."