గొంగడి కప్పిన మంచం

తిరగలి ఆగలేదు. వసారాలో ఒక ఆడమనిషి ఒక కాలు చాపుకుని కూర్చుని జొన్నలు విసురుతోంది. పిండి పడకుండా తలకు గుడ్డ చుట్టుకుంది. మెంబరు నరసింహులు చెప్పులు విడిచి లోపలికి వచ్చినా ఆమె తల ఎత్తలేదు.

"కాటమరాజు ఉన్నాడా?"

"ఉన్నాడు. ఏం పని?" అంది గడపలో నిలబడ్డ ముసలామె. కాటమరాజు తల్లి పోలమ్మ. కూర్చోమనలేదు. మంచం వాల్చలేదు.

మద్రాసు శాసనసభ నుంచి తిరిగి వచ్చాక నరసింహులు ఏ ఊరికి పోయినా మర్యాదే. ఎదురొచ్చి తీసుకుపోయేవాళ్లు, మజ్జిగ ఇచ్చేవాళ్లు. అర్ధవీడు దగ్గరున్న ఈ గొర్రెల కాపరుల పల్లెలోనే మొహం చాటేస్తున్నారు. చావు జరిగిన ఇల్లు కదా అని ఓర్చుకున్నాడు.

పోయిన ఎండాకాలం ఈ ఇంటి కోడలు కోటమ్మకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. పల్లెకు బండి బాట లేదు. కంభం ఆసుపత్రికి మంచం మీద మోసుకుపోతుంటే, గుట్ట దిగి రోడ్డెక్కే చోట నరసింహులు మోటారు ఎదురైంది. మంచం మీద తల నుంచి కాళ్ల దాకా నల్ల గొంగడి, దాని మీద వేపమండలు. మోసే నలుగురిలో ఒక్కడూ నోరు విప్పలేదు. నరసింహులు దిగి, చెప్పులు విడిచి, ఆ మంచానికి రెండు చేతులూ జోడించి మొక్కాడు. ఆమె పేరు, ఊరు మోటారు నడిపే శ్రీరాములు తర్వాత చెప్పాడు.

శాసనసభలో ఆయన లేచి ఆ మంచం సంగతి చెప్పాడు. ఎప్పుడూ ఆవలించే మెంబర్లు కూడా కదలకుండా విన్నారు. పత్రికల్లో వచ్చింది. పల్లెకు రోడ్డు వేసి, అర్ధవీడులో ఆసుపత్రి కట్టవచ్చేమో చూసి రమ్మని ప్రభుత్వం ఇంజనీరును పంపింది. ఆయనిప్పుడు చావడిలో కూర్చుని ఉన్నాడు. ఆ చావు సంగతి ఇంటివాళ్ల నోట వినాలంటున్నాడు. వినకపోతే ఆ డబ్బు ఇంకో తాలూకాకు పోతుంది.

ఇదంతా నరసింహులు ఓపిగ్గా చెప్పాడు. కాటమరాజు మూలన కూర్చుని గొర్రె బొచ్చు ఏకుతూ విన్నాడు.

"నువ్వు చెప్పినావు గదా. మళ్లీ మేమెందుకు?"

"నేను చెప్తే ఓట్ల కోసం అంటారు. మొగుడివి నువ్వు చెప్తే నమ్ముతారు. కోటమ్మ దారిలోనే పోయిందని ఒక్క మాట."

కాటమరాజు దూది పింజలాంటి బొచ్చును వేళ్ల మధ్య లాగాడు.

"ఆ పొద్దు నీ మోటారుకు చెయ్యి ఎత్తినా. గుర్తుందా?"

"ఉంది. పక్కకు తీయమన్నావనుకొని తీయించినా."

"పక్కకు తీయమన్నానంట, వింటివా అమ్మా."

"మరి నోటితో చెప్పకపోతివి?" నరసింహులుకు చిరాకు వచ్చింది.

"మంచం మోసేటోడు వాగు దాటేదాక నోరు తెరవడు," అంది పోలమ్మ. "తెరిస్తే మంచానికి గాలి సోకుతుంది. గొంగడి, వేపమండలు కూడా అందుకే. మాలో పసిబిడ్డకు కూడా తెలుసు. మెంబరువి, నీకు తెలవలేదు."

మంచానికి ఇంక సోకేదేముందని నరసింహులు నోటి దాకా వచ్చింది. మింగేశాడు. ఆయన చూపు దూలానికి వేలాడుతున్న ఉయ్యాల మీద పడింది. అక్కడి నుంచి తిరగలి దగ్గరి ఆడమనిషి మీదికి జరిగింది. చాపిన కాలు సన్నగా, కట్టెలాగా ఉంది. కుంటిదాన్ని తెచ్చుకున్నాడన్నమాట. ఏడాది కూడా తిరగలేదు.

"అప్పుడే ఉయ్యాల కూడా కట్టుకున్నావే," అన్నాడు. "నీకు రోడ్డుతో ఏం పనిలే."

"అది కట్టి ఏడాది దాటింది. బిడ్డ దక్కకున్నా విప్పబుద్ధి కాలేదు."

ఈ ఇంటి పొగరు కోసం ఇన్ని పల్లెల రోడ్డు పోతుందా అనుకున్నాడు నరసింహులు. రేపు మళ్లీ ఎవరికో నొప్పులొస్తే మళ్లీ మంచమే గదా అని అడిగాడు. అది మాత్రం నిజమేనని పోలమ్మ ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలో కూడా మెత్తదనం లేదు.

"నీ మోటారులో వెనక సీటు ఖాళీగా ఉండె," అన్నాడు కాటమరాజు, బొచ్చు కింద పెట్టి.

"ఉంటే? పీనుగను ఎవరన్నా మోటారు ఎక్కించుకుంటారా?"

తిరగలి ఆగింది.

పోలమ్మ అటు చూసింది. కాటమరాజు తల వంచుకున్నాడు. మాట తప్పుగా జారిందని నరసింహులుకు తెలిసింది. గొంతు తగ్గించి, నువ్వు రాకపోతే మానె, ఇంటి మనిషి ఎవరు వచ్చినా చాలన్నాడు.

"ఎవరైనా?" అన్నాడు కాటమరాజు.

"ఎవరైనా. ఇదిగో, ఈమె వచ్చినా సరే. ఆ పొద్దు జరిగింది జరిగినట్టు చెప్తే చాలు."

ఆడమనిషి చేతుల పిండి దులుపుకుంది. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. కాలు ఈడ్చుకుంటూ పోయి చిలక్కొయ్యకున్న నల్ల గొంగడి తీసి భుజాన వేసుకుంది.

"ఎండ పొద్దున నీకెందుకమ్మా," అంది పోలమ్మ. ఆ ఇంట్లో నరసింహులు విన్న మెత్తని మాట అదొక్కటే.

ఆయనకు ప్రాణం కుదుటపడింది. ఒక్క సాక్ష్యం దొరికింది, రోడ్డు వచ్చినట్టే. పక్కకు తప్పుకుని దారి ఇచ్చి, ఆమెకు కూడా రెండు చేతులూ జోడించాడు.

"నీ పేరేంది తల్లీ? ఇంజనీరు గారు అడుగుతాడు."

శాసనసభలో చచ్చిపోయిన కోటమ్మ, కాన్పులో చచ్చుబడిన కాలు ఈడ్చుకుంటూ వాకిలి దాటింది.