తీగలు పీకిన పెట్టె

కంట్రోల్ రూములో ఆ రాత్రి ఆమె ఒక్కతే ఉంది. చుట్టుపక్కల ఊళ్లకి నెట్ సిగ్నళ్లు అందించే రౌటర్ పెట్టెలు బతికున్నాయో లేదో తెరమీద కనిపెట్టుకుని ఉండడమే ఆమె పని. అవి క్షణక్షణం ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పలకనిది పోయినట్టు లెక్క.

కొండమీది స్టేషన్ మూసేస్తున్నారు. అక్కడి రౌటర్ విప్పి తేవడానికి ఆమె అన్నే వెళ్లాడు.

“అయిపోయిందమ్మా,” అన్నాడు ఫోన్లో. “తీగలన్నీ పీకేశా. పెట్టె జీపులో పడేశా. గదికి తాళం కూడా వేసేశా.”

ఆమె తెర వంక చూసింది. కొండమీది రౌటర్ ఇంకా పలుకుతూనే ఉంది.

“అన్నయ్యా, ఇక్కడ పచ్చగానే చూపిస్తోంది.”

“నీ కంప్యూటర్‌కి నిద్రమత్తు వదల్లేదే,” అని నవ్వాడతను.

ఆమె లేచి, ఆ లైను కేబుల్ తన వైపు నుంచి కూడా ఊడబీకింది. అయినా జవాబులు ఆగలేదు. ఆయాసపడే మనిషి ఊపిరిలా ఇంకా గబగబా రాసాగాయి.

“అన్నయ్యా, వెంటనే జీపెక్కి వచ్చెయ్.”



“ఏమే,” అన్నాడతను గొంతు తగ్గించి. “నువ్విక్కడికి ఎప్పుడొచ్చావ్?”

“నేనెక్కడికొచ్చాను? ఆఫీసులోనే ఉన్నా!”

“మరి గదిలోంచి తలుపు కొడుతూ అన్నయ్యా అని ఏడుస్తున్నదెవరు? అచ్చం నీ గొంతే.”

“తియ్యకు! నీ కాళ్లు పట్టుకుంటా, తలుపు తియ్యకు!”

“ఏడవకమ్మా, వస్తున్నా,” అన్నాడతను.

ఆ మాట అన్నది ఆమెతో కాదు. తాళం ఊడిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.