వార్డు ఆఫీసు సీలు

వార్డు ఆఫీసు సీలు కొట్టెయ్యాలని టీకొట్టు పెద్దమ్మ సోమవారం పొద్దున్న, పొయ్యి మీద పాలు పొంగేలోపే తేల్చుకుంది.

"నీకేమన్నా మతి పోయిందా అక్కా? ఈ వయసులో దొంగతనమా?" అంది గ్లాసులు కడుగుతున్న చెల్లెలు.

"చిన్నప్పుడు తీరిక దొరకలేదే," అంది పెద్దమ్మ.

సంగతేమిటంటే, ఊళ్లో నడిబజారు వెలవెలబోతోందట. నాలుగు మూలలా ఉన్న నాలుగు వార్డు ఆఫీసుల్నీ ఎత్తుకెళ్లి అక్కడి కొత్త మేడలో పెడితే, వచ్చిపోయే జనంతో కొట్లన్నీ మళ్లీ కళకళలాడతాయట. ఈ ఆఫీసుకు శుక్రవారం తాళం. దాని ఎదురుగా ఇరవయ్యారేళ్లుగా ఉన్న టీకొట్టు గురించి మునిసిపాలిటీ కాగితాల్లో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కొత్త మేడ ముందు రేకు కొట్లు పెట్టనివ్వరు. లోపల మీట నొక్కితే టీ పోసే మిషను ఉందట. ఆఫీసు కదిలిందంటే అక్కచెల్లెళ్లిద్దరికీ ఐదు వేళ్లూ నోట్లోకి వెళ్లవు.

ఆఫీసులో సూపరింటెండెంటు మాత్రం కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"అక్కడ లిఫ్టు ఉంది పెద్దమ్మా! తిరిగే కుర్చీలు! ఈ బొద్దింకల కొంపలో ఇంకెన్నాళ్లు చెప్పు?"

"బొద్దింకల్ని కూడా తీసుకుపోతారా బాబూ, నా మొహాన వదిలేసి పోతారా?"

"నీ పేరనే రాసిస్తాలే," అని పెద్దగా నవ్వాడు.

ఇరవయ్యారేళ్లు బల్లల మధ్య గ్లాసులతో తిరిగిన మనిషికి ఆఫీసు పని దానంతటదే ఒంటబడుతుంది. సామాన్ల జాబితా మీద పేజీ పేజీకీ ఈ ఆఫీసు గుండ్రని సీలు పడాలి. సీలు లేని కాగితాన్ని కొత్త మేడ గుమ్మం తొక్కనివ్వరు. కాగితం వెళ్లకపోతే బీరువా వెళ్లదు, బీరువా వెళ్లకపోతే ఆఫీసు వెళ్లదు. పెద్దమ్మ లెక్క అంతే.

సోమవారం ధైర్యం చాలలేదు. చెయ్యి సీలు దాకా వెళ్లి, బల్ల తుడిచి వచ్చేసింది. మంగళవారమూ అదే తంతు. బుధవారం సూపరింటెండెంటు కిటికీ వైపు తిరిగి ఎవరికో ఫోనులో లిఫ్టు గొప్పలు చెబుతున్నాడు. పెద్దమ్మ ఖాళీ గ్లాసుతో పాటు ఇత్తడి సీలు కూడా తీసి, కొప్పులో దోపుకుని, కొంగు తల మీదికి లాక్కుని, పిల్లిలా బయటపడింది.

శుక్రవారం లారీ వచ్చింది. సీలు లేదు. సూపరింటెండెంటు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. గుమాస్తాల సంచులు దులిపించాడు, చెత్తబుట్టలు బోర్లించాడు, బీరువాలు జరిపించి బొద్దింకల్ని సైతం నిద్ర లేపాడు. లారీ వచ్చిన దారినే ఖాళీగా వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా విచారణకని కేంద్ర కార్యాలయం నుంచి ఒక కళ్లజోడు అధికారి దిగాడు.

"పోతే పోయింది, కొత్త సీలు చేయించుకోవచ్చుగా?" అన్నాడు.

"దానికి అర్జీ పంపాలి సార్," అన్నాడు సూపరింటెండెంటు.

"మరి పంపండి!"

"అర్జీ మీద ఆఫీసు సీలు ఉండాలి సార్."

అధికారి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. టీ అందిస్తున్న పెద్దమ్మ మీద చూపు పడింది.

"ఏమ్మా, నువ్వేమైనా చూశావా?"

"చదువు రానిదాన్ని బాబూ. ఏది సీలో, ఏది సీసా మూతో నాకేం తెలుస్తుంది?"

ఆయన అది కూడా రాసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఆఫీసు కదల్లేదు, పొయ్యి ఆరలేదు. కానీ ఒకరోజు గుమాస్తాలు టీ తాగుతూ, సీలు పోగొట్టినందుకు సూపరింటెండెంటుకు మెమో మీద మెమో వస్తోందనీ, ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉందనీ అనుకున్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పెద్దమ్మకు ముద్ద దిగలేదు.

"పని జరిగింది కదా, నోరు మూసుకుని ఉండక్కా!" అని చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకుంది.

పెద్దమ్మ వినలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక సూపరింటెండెంటు గదిలోకి వెళ్లి, కొప్పు విప్పి, సీలు బల్ల మీద పెట్టింది.

"నా పొట్ట కోసం మీ పొట్ట కొట్టాను బాబూ. పోలీసుల్ని పిలిపించండి."

సూపరింటెండెంటు లేచాడు. తలుపు దగ్గరికి వెళ్లి గడియ వేశాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. చేతిలో చల్లగా ఏదో తగిలి కళ్లు తెరిస్తే, సీలు మళ్లీ తన గుప్పిట్లోనే ఉంది.

"ముందది కొప్పులో పెట్టు," అన్నాడాయన గొంతు తగ్గించి. "మెమో వస్తే జవాబు రాసుకుంటాను పెద్దమ్మా, నలుగురు సూపరింటెండెంట్లకు ఒక్క కుర్చీ వేసినచోట నేనెక్కడ కూర్చోను? మీ అక్కచెల్లెళ్ల రహస్యాలు నా కిటికీలోకి వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి సరిపోయింది. సోమవారం నుంచీ సీలు నీకందేలా బల్ల చివర పెడితే, బల్ల తుడిచి పోతావేంటి? బుధవారం ఫోనులో అవతల మనిషే లేడు. ఎల్లుండి అర్జీ లేకుండానే కొత్త సీలు పంపుతున్నారట, ఈసారి మూడు రోజులు తిప్పించుకోకు."