పగటి కళ్ళు

మా ఆయన గొంబో మేముండే గేర్ డేరాలోకి వస్తూనే పొయ్యి పక్కన తర్వగను పడేశాడు. పిల్లికన్నా పెద్దదైన నేల ఉడుత అది.

"ఏం పంతులమ్మా, నాకు వేట చేతకాదన్నావుగా! జడలబర్రె తోక ఊపి, దాన్ని మాయచేసి కన్నంలోంచి రప్పించే పనే పడలేదు. అదే నా కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది."

"పగలంతా గురకపెట్టి, ఎవరో కొట్టినదాన్ని తెచ్చుంటావు," అని ఎకసెక్కమాడాను.

"ఒట్టు! పొద్దు గూకి, నాకే కళ్ళు కనబడని వేళ వచ్చింది."

మాంసం ఉడికించడానికి రాళ్ళు కాలుస్తున్న నా చేయి ఆగిపోయింది.

బడిలో నేను చెప్పే పాఠమే అది. తర్వగ కంట్లో దాదాపు అన్నీ పగటి వెలుగును చూసే శంకు కణాలే. చీకట్లో చూపునిచ్చే దండ కణాలు చాలా తక్కువ. అందుకే పొద్దు వాలకముందే కన్నంలో దూరుతుంది. చీకట్లో మనిషి కాళ్ళ దగ్గరికి వచ్చిందంటే, తర్వగల నుంచి మనుషులకు అంటుకునే ప్లేగు దానికి సోకినట్టే.

"ముట్టకు దాన్ని! కడుపు కోశావా?"

"కోయకుండా ఉంటానా? పచ్చి కార్జం ఒంటికి బలమని మా అమ్మ ఊరికే అనేదా?"

"తిన్నావా?"

"నేనా? నాకెక్కడ మిగిల్చింది!" అని నవ్వి తలుపు వైపు చూశాడు.

మా ఐదేళ్ళ పిల్ల గడప దాటి లోపలికొచ్చింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా ఉందా అమ్మా?"